టేపుకి మొహం ఉండదు

మొన్న మధ్యాహ్నం పై వాటాలో అద్దెకుంటున్న వాళ్ళమ్మాయి ఫోను పట్టుకుని ఏడుపు మొహంతో కిందికి దిగివచ్చింది. వంటింటి గడప మీద కూలబడి, "చూడండి మామ్మగారూ, మా ఇంగ్లీషు పరీక్ష మళ్ళీ మార్చిపారేశారు. కాయితం మీద రాసేది ఎత్తేశారంట, అంతా కంప్యూటర్ మీదేనంట. నేనిన్నాళ్ళూ చదివిందంతా బూడిదలో పోసిన పన్నీరేనా?" అంది. యూనివర్సిటీ సీటుకి ఆ పరీక్షే గతి అట. "మార్చటం వాళ్ళ పని, ఏడవటం మన పని. ఇదేం కొత్త కాదులే" అని ఒక జంతిక చేతిలో పెట్టి, నా పచ్చిమిరపకాయల తొడిమలు నేను తీసుకుంటున్నాను. ఈ కాలం పిల్లల ఏడుపు జంతికతో పోతుంది, అదృష్టవంతులు. నములుతూనే ఫారం నింపటం మొదలుపెట్టింది. ఒకచోట మాత్రం ఆగకుండా వేలితో కిందికి తోసేసింది. అదేమిటి, చదవకుండానే దాటేశావన్నాను. "అది మనకి కాదు మామ్మగారూ. చెవుడో, చూపు లేకపోవటమో ఉన్నవాళ్ళకి. అక్కడ టిక్కు పెడితే వాళ్ళకి వేరే పేపరిస్తారు" అంది. చేతిలో మిరపకాయ పక్కన పెట్టాను. మళ్ళీ పైకి జరిపి చూపించమన్నాను. చిన్న గడి, వడ్లగింజంత ఉంది. ఆ అమ్మాయి నా మొహం చూసి, మిరపకాయ ఘాటు కంట్లో పడిందనుకుని మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

గురజాలలో మా అత్తగారింటికి నేను కాపరానికి వెళ్ళింది ఎనభైల మొదట్లో. మిరప చేలు, కొంచెం పత్తి, ఇంటి ముందు పొడుగాటి వసారా, అందులో మా మామగారి పడక్కుర్చీ. ఆయన చుట్టుపక్కల ఊళ్ళలో పేరున్న పెద్దమనిషి. గట్టు తగాదాలు, అన్నదమ్ముల పంపకాలు, మొగుడూ పెళ్ళాల రచ్చలు అన్నీ ఆ వసారాకే వచ్చేవి. కూతవేటు దూరంలో కోర్టున్నా జనం ముందు ఇక్కడ చెప్పులు విడిచేవాళ్ళు, ఇక్కడ తెగకపోతేనే అక్కడికి పోయేవాళ్ళు. ఆయన మాటంటే మాటే. అయితే పెళ్ళిచూపుల్లోనే నాకొకటి వింతగా తోచింది. ఆయనకి మీసం లేదు. పల్నాట్లో పెద్దరికం చేసే మనిషికి మీసం లేకపోవటమేమిటని మా ఇంట్లో గుసగుసలు పోయారు. "మొక్కంటలే, కొండకిచ్చాడంట" అని మా నాన్న సర్దిచెప్పాడు. మొక్కయితే ఒకసారి ఇచ్చి ఊరుకుంటారు గానీ, రోజూ తెల్లారగానే అద్దం పెట్టుకుని నున్నగా గీసుకుంటారా? అడగటానికి కొత్తకోడలికి నోరెక్కడిది?

మా ఆయన తర్వాత ఆ ఇంట్లో ఒక్కతే ఆడపిల్ల, నాకంటే కాస్త చిన్నది. వెళ్ళిన కొత్తలోనే ఒకసారి బావి దగ్గర్నుంచి "అమ్మాయ్, ఆ చెంబు ఇట్టా అందుకో" అన్నాను. పలకలేదు. మళ్ళీ అరిచాను. జడకి రిబ్బను ముడేసుకుంటూ తాపీగా లోపలికి వెళ్ళిపోయింది. అబ్బో, డిగ్రీ కడుతున్నానని ఎంత పొగరు అనుకున్నాను. ఒళ్ళుమండి మా ఆయనతో చెబితే, "ఎదురుగా పోయి చెప్పాలిలే. మా ఇంట్లో ఎదురుబొదురు నిలబడి మాట్లాడుకోటం అలవాటు" అన్నాడు. చూస్తే నిజమే. ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ వెనకనుంచి పిలవరు. నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడరు. మా అత్తగారు పొయ్యి మీద పులుసు పొంగిపోతున్నా సరే, గరిటె దించి, మనిషి వైపు తిరిగి, అప్పుడు నోరు తెరిచేది. ఎంత పద్ధతైన సంసారమో అని పుట్టింటికి వెళ్ళినప్పుడు గొప్పలు కూడా చెప్పాను. ఆ తర్వాత ఒకరోజు నా చేతిలోంచి ఇత్తడి గుండిగ జారి బండల మీద పడింది. వసారాలో మామగారు ఉలిక్కిపడి లేచారు, పక్కింటి కుక్క మొరిగింది. పెరటి గడప మీద ఇటు వీపు పెట్టి కూచుని బియ్యం ఏరుకుంటున్న మా ఆడబిడ్డ మాత్రం తల తిప్పలేదు. నేను గుండిగ ఎత్తటం మరిచిపోయి అలాగే నిలబడిపోయాను.

మా అత్తగారు నన్ను గదిలోకి తీసుకెళ్ళి అప్పుడు చెప్పింది. పిల్ల బడికి పోతున్న రోజుల్లో విషజ్వరం వచ్చి సూదుల మీద సూదులు వేయించారట. జ్వరం తగ్గింది, చెవులు పోయాయి. బొత్తిగా పోయాయి. అప్పటికి మాటలొచ్చిన పిల్ల కాబట్టి మాట నిలిచింది. ఎదుటివాళ్ళ పెదాలు చూసి సంగతి పట్టుకోవటం తనంతట తనే నేర్చుకుంది. అమ్మ మాటలు తెలుస్తున్నాయి, అన్న మాటలు తెలుస్తున్నాయి, నాన్న మాటలు మాత్రం గుబురు మీసం కింద ఎటు పోతున్నాయో తెలియక పిల్ల వెక్కివెక్కి ఏడ్చిందట. మర్నాడు పొద్దున్నే ఆయన మంగలిని పిలిపించారు. ఊరు నవ్వితే మొక్కు అన్నారు. ఇది విన్నాక ఆయన మీద నాకు కలిగిన గౌరవం, తర్వాత్తర్వాత ఎంత కోపమొచ్చినా మొత్తంగా పోలేదు. చెవుడు సంగతి ఆ నాలుగు గోడలూ దాటలేదు. పిల్ల గొంతు పెరిగితే అత్తగారు మోకాలి మీద తట్టేది, చుట్టాలొస్తే పక్కనే అంటిపెట్టుకుని కూచునేది. ప్రైవేటుగా చదివించారు గనక కాలేజీ గొడవే లేదు. నా పెళ్ళప్పుడు మాకూ చెప్పలేదు. "ఆడపిల్లమ్మే. చెవిటిదని ఒకసారి పేరుపడితే కట్టెల్లో కాలిందాకా పోదు. నోరు జారబాక" అని అత్తగారు నా చేత ఒట్టు వేయించుకుంది.

మా ఆడబిడ్డకి ఇంగ్లీషంటే ప్రాణం. ఊరొదిలి పోతున్న ఒక ప్లీడరుగారి బీరువాడు పుస్తకాలు మా మామగారు చవగ్గా కొనిపెట్టారు. వాటిలో లా పుస్తకాలు తీసేస్తే మిగిలినవన్నీ ఇంగ్లీషు నవలలూ, కథలూ, ఒక పెద్ద డిక్షనరీ. ఆ డిక్షనరీ అట్ట ఊడిపోతే చీరంచుతో కుట్టుకుంది. వంటింట్లో ఉప్పు డబ్బా మీదా, కారం డబ్బా మీదా ఇంగ్లీషు పేర్లు అంటించింది. అత్తగారికి తెలుగే చదవటం రాదు, ఇంక ఆమెకి అవేం ఉపకారం! నేను పదో తరగతి దాకా చదివాను, నా ఇంగ్లీషు చూసి పడీపడీ నవ్వేది. దానికంత మోజేమిటని ఒకసారి అడిగితే, మిరపకాయలు ఆరబోస్తూ ఆ పిల్ల అన్న మాట నాకిప్పటికీ గుర్తుంది. "తెలుగు అందరూ మాట్లాడుకుంటారు వదినా, నేను ఎవరి మూతి వైపో చూస్తా కూచోవాలి. ఇంగ్లీషు ఇక్కడ ఎవురు మాట్లాడతారు? అందరూ నా మాదిరే కళ్ళతో చదువుకోవాల్సిందే. ఇంగ్లీషులో నేను చెవిటిదాన్ని కాదు." డిగ్రీ అయ్యాక ఇంగ్లీషు ఎం.ఏ. చెయ్యాలని పట్టుబట్టింది. దూరాన ఒక యూనివర్సిటీ ఉంది, పేరెందుకులెండి. సీటివ్వటానికి వాళ్ళు సొంతంగా ఒక ఇంగ్లీషు పరీక్ష పెట్టేవాళ్ళు. అంతా కాయితం మీదే. ప్రశ్నలు చదవటం, జవాబులు రాయటం, అంతే. పాత పేపర్లు తెప్పించుకుని చేసేది. ఎవరి సాయమూ లేకుండా తను గెలవగలిగిన ఒకే ఒక్క చోటు అదని ఆ పిల్లకి తెలుసు.

ఆ ఏడు హాలు టిక్కెట్టు కోసం చూస్తుంటే యూనివర్సిటీ నుంచి కవరొచ్చింది. పరీక్ష మార్చారట. ముందు ఒక కొత్త భాగం, టేపు రికార్డరులో ఇంగ్లీషు మాటలు వినిపిస్తారు, విని జవాబులు రాయాలి. అందులో తప్పితే మిగతా పేపరు దిద్దరు. మా ఆడబిడ్డ అది చదివి, మడిచి, మళ్ళీ విప్పి చదివింది. ఆ తర్వాత అడుగున ఉన్న ఒక వాక్యం మీద వేలుపెట్టి నాకు చూపించింది. వినికిడి లోపం ఉన్నవాళ్ళు ప్రభుత్వ డాక్టరు సర్టిఫికెట్టు జతచేస్తే, టేపులో మాటలు అచ్చువేసి చదువుకోవటానికి ఇస్తారట. దేవుడున్నాడు అనిపించింది నాకు. ఇద్దరం ఎగురుకుంటూ వసారాలోకి వెళ్ళాం.

మామగారు కళ్ళజోడు తుడుచుకుని అంతా చెప్పించుకున్నారు. "సర్టిఫికెట్టా? గవర్నమెంటు ఆసుపత్రిలోనా? కాంపౌండరు మన బజారోడే. పొద్దున ముద్ర పడితే సాయంత్రానికి ఊరంతా టముకు" అన్నారు. మాచర్ల నుంచి ఒక సంబంధం అప్పటికే నడుస్తోంది. "నోటిమాటైతే ఎట్టోకట్ట సర్దుకోవచ్చు. కాయితం మీద పడ్డదాన్ని ఎవురూ చెరపలేరమ్మా. నేను యాభై తగాదాల్లో చూశా" అన్నారు. మా ఆడబిడ్డ ఆయన కాళ్ళ దగ్గర కూచుని, "నాన్నా, నాకది లేకపోతే సీటు లేదు. నాకు వినపడదు నాన్నా" అంది. ఆ మాట ఆయన ముందు ఎవరూ పైకి అనటం అంతకుముందు నేను వినలేదు. ఆయన నిజంగా తెల్లబోయారు. "వినపడకపోవటమేంది? ఇప్పుడు నేను చెప్పేదంతా వినపట్టంలా? ఎదురుగా ఉంటే నీకు శుభ్రంగా వినపడుద్ది. పరీక్ష పెట్టే కాలేజీలో మనకి తెలిసినాయన ఉన్నాడు. ముందు బెంచీలో కూచోబెట్టిస్తా, టేపుకి సరిగ్గా ఎదురుగా" అన్నారు. "టేపుకి మొహం ఉండదు నాన్నా!" అని ఆ పిల్ల అరిచింది. అత్తగారు పరుగున వచ్చి మోకాలు తట్టింది. ఆయన మాత్రం "ఎవురో ఒకరు మాట్లాడతారుగా అందులో" అన్నారు. నేను ఆగలేక, "మామయ్యగారూ, అమ్మాయికి మన మూతులు కనపడతాయి కాబట్టి..." అంటుండగానే, కోడలివి కోడలిలా ఉండు అని అత్తగారు నన్ను లోపలికి లాగింది. ఇన్నేళ్ళకీ నాకు మింగుడుపడనిది ఇదే. ఆయన అబద్ధమాడలేదు. అన్నేళ్ళుగా పిల్లకి ఎదురుగా తిరిగి తిరిగి మాట్లాడి, పిల్లకి చెవుడన్న సంగతి ఆయన మరిచిపోయారు. ఇంటిల్లిపాదీ మరిచిపోయారు.

రేడియో షాపు సాయిబుగారిని అడిగి ఒక టేపు రికార్డరు కూడా తెచ్చారు, అలవాటు పడుతుందని. బల్ల మీద పెట్టి, దానికి ఎదురుగా కుర్చీ వేసి, పిల్లని కూచోబెట్టి, తనే బటను నొక్కారు. అందులో ఏదో బుర్రకథ మోగుతోంది. ఇల్లంతా చుట్టూ నిలబడి చూస్తున్నాం. చెప్పుకుంటే నవ్వొస్తుంది, తిరపతి వెంకన్న ముందు నిలబడ్డట్టు నిలబడ్డాం. మా ఆడబిడ్డ మెల్లగా అరచెయ్యి దాని మీద ఆనించి, "వణుకుతోంది" అంది. "చూశారా! తెలస్తంది!" అని మామగారు మా అందరి వైపూ సంబరంగా తిరిగారు. ఆ పిల్ల ఆయన సంబరాన్ని చూసి చెయ్యి దాని మీద అలాగే ఉంచింది.

పరీక్ష నరసరావుపేటలో. మా ఆయనా, నేనూ తోడు వెళ్ళాం. పిడుగురాళ్ళ దగ్గర సున్నపు బట్టీల దుమ్ము కిటికీల్లోంచి కొట్టి బస్సులో అందరి జుట్టూ తెల్లబడింది. "మనం ముసలోళ్ళమయ్యాం వదినా" అని నవ్వింది. ఆరోజు ఆ పిల్ల నవ్వింది ఆ ఒక్కసారే. మామగారు చెప్పినట్టే కాలేజీ ఆయన ముందు బెంచీ చూపించాడు. కిటికీ పక్క వరండాలో నేను నిలబడి చూస్తున్నాను. బల్ల మీద టేపు రికార్డరు పెట్టి నొక్కారు. గదిలో తలలన్నీ వంగాయి. చెవులున్నవాళ్ళకి కళ్ళతో పనిలేదు కదా, అందరూ కాయితాల వైపు చూస్తూ వింటున్నారు. తల ఎత్తి టేపు వైపు చూస్తున్నది ఆ హాల్లో మా అమ్మాయి ఒక్కతే. కళ్ళు చికిలించి, మెడ ముందుకు సాచి, మా ఇంట్లో మమ్మల్ని ఎలా చూసేదో అలాగే చూస్తోంది. వెనక వరసల్లో తిరుగుతున్న సూపర్‌వైజరు ఏదో అనుమానపడి దగ్గరికొచ్చి వెనకనుంచి ఏమిటో అడిగాడు. పలకలేదు. ఆయన చిరాకుపడి బెంచీ మీద చేత్తో కొట్టాడు. ఉలిక్కిపడి తల దించుకుంది. పక్కవాళ్ళ కలాలు కదిలినప్పుడల్లా తనూ ఏదో ఒకటి రాసింది. నాకు లోపలికి వెళ్ళి అరవాలనిపించింది. అరిస్తే ఒట్టు పోతుంది, సంబంధం పోతుంది, వరండా చివర మా ఆయన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. బయటికొచ్చాక ఎలా రాశావని అడిగే ధైర్యం నాకు లేదు. తనే చెప్పింది. "చక్రాలు తిరిగినంతసేపూ చూశా వదినా. రెండో భాగం మాత్రం బ్రహ్మాండంగా రాశా. చానా తేలిక. దిద్దరుగా."

దిద్దలేదు. మొదటి భాగంలో తప్పిందని కాయితమొచ్చింది. ఆ వేసవిలోనే మాచర్ల సంబంధం ఖాయమై పెళ్ళయిపోయింది. పెళ్ళిలో మంత్రాల దగ్గర నేను ఎదురుగా కూచుని ఎప్పుడేం చెయ్యాలో మూతి కదిపి చెబుతూనే ఉన్నాను, అంతా సవ్యంగా గడిచింది. కాపరంలో ఎన్నాళ్ళు దాగుతుంది? అక్కడ ఎదురుగా వచ్చి మాట్లాడే అలవాటు ఎవరికుంది? అత్త వెనకనుంచి పిలిచింది, పలకలేదు. పొగరన్నారు. నేనూ అదే అనుకున్నాను కదా మొదట్లో! వాళ్ళు ఊరుకోక గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయి చెవులు చూపించి, డాక్టరు చేత రాయించి, ముద్ర వేయించి, ఆ కాయితంతో సహా పిల్లని తెచ్చి మా వసారాలో దింపారు. పంచాయతీ అక్కడే జరిగింది. మా మామగారి కుర్చీలో వేరే ఊరి పెద్దమనిషి కూచున్నాడు. ఎప్పుడూ తప్పుచేసినవాళ్ళు నిలబడే స్తంభం దగ్గర మామగారు నిలబడ్డారు. సర్టిఫికెట్టు పైకి చదివారు. బజారంతా గోడల మీంచి వింది. ఆయన ఏదో చెప్పబోతే పెళ్ళికొడుకు మేనమామ లేచి, "నీ మాటేందయ్యా వినేది? మీసం లేనోడి మాట ఒక మాటా?" అన్నాడు. ఎవరూ వాడిని వారించలేదు. మా ఆడబిడ్డ తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరి పెదాలే చూస్తోంది. అంతా తెలిసింది ఆ పిల్లకి.

తెగతెంపులని తేల్చేసి అందరూ వెళ్ళిపోయాక ఆ పిల్ల వాళ్ళు పారేసి పోయిన సర్టిఫికెట్టు తీసి దుమ్ము దులిపి దాచింది. నాలుగురోజులు పోయాక తండ్రి ముందుకు తెచ్చిపెట్టి, "ఇంక దాచేదేముంది నాన్నా? ఇప్పుడు పంపించొచ్చుగా" అంది. ఆయన తల ఊపారు. మళ్ళీ దరఖాస్తు పెట్టింది. ఆమె గదిలో పొద్దస్తమానం పాత పేపర్లు. కవరొచ్చింది. ఈసారి పరీక్ష ఇంకొంచెం మార్చారు. టేపు భాగం అలాగే ఉంది, అడుగున ఉండాల్సిన వాక్యం లేదు. తిరగేసి చూశాం. వెనకవైపు ఏమీ అచ్చువెయ్యలేదు. వెసులుబాటు అడుగుతూ ఉత్తరం రాసింది, ఎంత చక్కటి ఇంగ్లీషో. ఆ సదుపాయం నిరుటితో తీసేశామని ఒక్క ముక్క జవాబొచ్చింది. ఆ తలుపు ఒక్క ఏడాది తెరిచారు. ఆ ఏడాదే మేం ఆ పిల్లని గుమ్మం దగ్గర పట్టుకుని ఆపాం. తలుచుకుంటే నాకిప్పటికీ కోపం ఆగదు, ఆ యూనివర్సిటీ మీదా, మా ఇంటి మీదా.

అప్పటినుంచే మామగారు మీసం పెంచటం మొదలుపెట్టారు. మంగలిని రావద్దన్నారంతే. సంక్రాంతికి పత్తి ఇంటికొచ్చేసరికి పెదాల మీదికి దిగింది, తెల్లగా, గుబురుగా. మళ్ళీ వసారాలోకి ఒకరిద్దరు తగాదాలు తేవటం మొదలైంది. ఒకరోజు ఆయన అన్నం తింటూ కూతురితో ఏదో చెప్పారు. చాలాసేపు చెప్పారు. మజ్జిగ కోసం వంటింట్లోకి వెళ్ళిన నాకు గొంతు వినపడింది గానీ మాటలు తెలియలేదు. వచ్చేసరికి ఆయన కళ్ళల్లో నీళ్ళు, ఆ పిల్ల కళ్ళు చికిలించి, మెడ ముందుకు సాచి, ఆ టేపుని చూసినట్టే తండ్రి మొహంలోకి చూస్తోంది. నా వైపు తిరిగి, "నాన్న ఏందో అంటన్నారు వదినా. కనపట్టంలా" అంది. ఏమన్నారని నేను అడిగాను. ఆయన తల వంచుకుని, "ఏం లేదులేమ్మా" అని చెయ్యి కడుక్కుని లేచిపోయారు. క్షమించమని అన్నారో, ఇంకేమన్నారో ఆయనతోనే పోయింది. మా ఆడబిడ్డ ఆ ఇంట్లోనే ఉండి, ఆ పుస్తకాలే మళ్ళీ మళ్ళీ చదువుకుని, కొన్నేళ్ళ క్రితం మామూలు జ్వరంతోనే పోయింది. చీరంచు కుట్టిన డిక్షనరీ నా దగ్గరే ఉంది.

పై వాటా అమ్మాయి ఫారం పంపించేసి, కళ్ళు తుడుచుకుని, ఇంకో జంతిక తీసుకుని మెట్లెక్కింది. చెవుల్లో ఆ తీగలు పెట్టుకుని ఉంది, "జాగ్రత్తగా చదువుకోమ్మా" అని వెనకనుంచి నేనన్న మాట వినపడలేదు. వడ్లగింజంత గడి కోసం ఒక మనిషి బతుకంతా అయిపోయాక అది ఇప్పుడు అందరి అరచేతిలోనూ ఉంది, అక్కర్లేనివాళ్ళు వేలితో తోసేసి పోతున్నారు. కాలానికి మా అత్తగారింటి పద్ధతి తెలియదు, ఎదురుగా వచ్చి నిలబడి చెప్పదు. ఎప్పుడూ వెనకనుంచే పిలుస్తుంది.